లేతు షెడ్డులో కర్ర నుసి, అలర్జీ: నేను చేసుకున్న ఏర్పాట్లు

లేతు (కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తిరిగే కర్రకు ఉలి పెట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడే పొట్టు కాళ్ళ దగ్గరే పడుతుంది. ఊడ్చుకోవడమే తప్ప దానితో వేరే బాధ లేదు. ఉప్పు కాగితం పెట్టాక లేచే నుసి అలా కాదు. అందులో కంటికి కనబడేది కొంతే. కొన్ని మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు రేణువులు గంటల తరబడి గాలిలో తేలుతూ, ముక్కునూ గొంతునూ దాటి ఊపిరితిత్తుల లోపలికి పోతాయి. షెడ్డులో ఏర్పాట్లు ఏ వరసలో చేసుకున్నానో, ఆ వరస ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. చాలామంది నేరుగా మాస్కు కొని అక్కడితో ఆగిపోతారు. మాస్కు చివరి కాపలా మాత్రమే. దానికంటే ముందు నాలుగైదు చోట్ల నుసిని ఆపుకోవచ్చు, అక్కడ ఆపుకుంటేనే ఈ పని పదికాలాలు చేసుకోగలం.

ఎంత నుసి ఎక్కువ అన్నదానికి ఒక లెక్క చెబుతాను. బ్రిటన్‌లో గట్టి కలప దుమ్ముకు 2020 నుంచి ఉన్న పరిమితి ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు, అదీ 8 గంటల పని సగటున. కోనసీమలో మా షెడ్డు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. ఆ పరిమితి లెక్కన షెడ్డు మొత్తానికి సుమారు 100 మిల్లీగ్రాములు, గ్రాములో పదో వంతు! 8 అంగుళాల గిన్నెను 120 నంబరు ఉప్పు కాగితంతో (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) ఒక్క నిమిషం రుద్దితే అంతకు ఎన్నో రెట్లు రాలుతుంది. అంతా గాలిలో తేలదు కానీ, తేలాల్సింది కూడా చాలా కొంచెమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కలప దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపల, సైనస్‌లలో వచ్చే క్యాన్సర్ అది. కాబట్టి నాకు అలర్జీ లేదు కదా అనుకునేవాళ్ళకూ ఈ జాగ్రత్తలు కావాల్సిందే.

అలర్జీకీ మామూలు మంటకీ తేడా తెలియాలి. నుసి ఎక్కువైతే ఎవరికైనా తుమ్ములు వస్తాయి, కళ్ళు మండుతాయి, బయటికొస్తే తగ్గిపోతాయి. అలర్జీ అంటే ఒంటికి ఆ కర్ర గుర్తుండిపోవడం. నెలలో, ఏళ్ళో ఏ ఇబ్బందీ లేకుండా తిప్పిన కర్రే ఒకనాటి నుంచి పడకుండా పోతుంది. ఆ తర్వాత కొంచెం నుసి చాలు. ఒకసారి అలా పట్టుకుంటే మళ్ళీ వదలడం అరుదు. ఇంకో చిక్కు, అది ఆలస్యంగా బయటపడుతుంది. చర్మం మీద దద్దురు మర్నాడో, ఎల్లుండో లేస్తుంది. ఉబ్బసం లాంటి దగ్గు పనయిన నాలుగు నుంచి ఎనిమిది గంటలకు, అంటే సరిగ్గా పడుకునే వేళకు మొదలవుతుంది. అందుకే జనం దాన్ని చల్లగాలి మీదికో, కారం మీదికో నెట్టేస్తారు. లేదా చివర ముట్టుకున్న కర్రను అనుమానిస్తారు, అసలుది మొన్నటి కర్ర అయ్యుండొచ్చు. ఈ కారణంగానే లేతు పక్కన గోడకు ఒక నోటు పుస్తకం వేలాడదీశాను. తారీకు, కర్ర పేరు, పచ్చిదా ఎండుదా, పొడిగా రుద్దానా తడిగా రుద్దానా, ఆ రాత్రి ఎలా ఉంది. ఒక్కో రోజుకు ఒక్క వరస చాలు.

ఇక కర్రలు. మన డెల్టాలో టేకు అందరికీ ఇష్టం, రాజమండ్రి అడితుల్లో ఎప్పుడూ దొరుకుతుంది. కానీ అందులో డీఆక్సీలాపకాల్ అనే పదార్థం ఉంటుంది, చర్మానికి పడనివాళ్ళలో దద్దుర్లకు కారణం అదే. కర్ర ఎండి ఎన్నేళ్ళయినా ఆ పదార్థం కర్రలోనే ఉంటుంది, అందుకని పాత టేకు మంచిదనే భరోసా పెట్టుకోవద్దు. ఇరుగుడులో డాల్బర్జియోన్లనే పదార్థాలు ఉంటాయి, వీటికి ఒకసారి ఒళ్ళు తిరగబడితే చిన్న ముక్క ముట్టుకున్నా లేస్తుంది. చెరువు గట్ల మీద పెరిగే గంగరావి లోచెక్క (మాను నడిమి ముదురు భాగం) చాక్లెట్ రంగులో ఎంతో అందంగా ఉంటుంది. దాని లోచెక్కలోనూ మాన్సోనోన్లనే అలాంటి పదార్థాలే ఉన్నాయి. దిరిసెన నుసికి తుమ్ములు ఆగవు, రోడ్డు పక్క నిద్రగన్నేరు కూడా ముక్కుకు అంతే ఘాటు. వేప నుసి గొంతులో చేదుగా దిగుతుంది, ముక్కు లోపల మంట పెడుతుంది. మామిడి చవక, ఎక్కడ చూసినా ఉంటుంది, కానీ దానిదీ జీడిమామిడిదీ ఒకే కుటుంబం. కాయ కోసేటప్పుడు జీడి తగిలి మూతి చుట్టూ పొక్కేవాళ్ళు మామిడి కర్ర, ముఖ్యంగా బెరడుతో ఉన్న పచ్చి కర్ర తిప్పేటప్పుడు చేతులు, మెడ కప్పుకోవాలి.

కొబ్బరి మాను వేరే జాతి. బయటి మూడంగుళాలే లేతుకు పనికొస్తుంది, నడిమిది మెత్తటి పీచు. బయటి భాగంలోని నల్ల పోగులు ఉలి పదునును చూస్తుండగానే తినేస్తాయి. పదును పోతే నుసి పెరుగుతుంది. కొబ్బరి చిప్పలు రుద్దేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ నల్లపొడి పౌడరు కంటే సన్నం. మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది అంకుడు. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే. సన్నటి పోగు, మెత్తగా, నున్నగా తెగుతుంది, కాగితం పని చాలా తగ్గిపోతుంది. అలాగని దాని నుసిని పీల్చమని కాదు.

మండువా లోగిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే పాత స్తంభాలు, తలుపు చెక్కలు చాలామంది లేతుకు తెచ్చుకుంటారు. రంగు వేసినవైతే నేను తీసుకోను. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగుల్లో ఎంత సీసం ఉందో చూసి చెప్పలేం. రంగును కాగితంతో రుద్దడం, కాల్చడం రెండూ తప్పు. నీళ్ళు చల్లి గీకాలి, గీకిన చెత్త మూట కట్టి పారేయాలి, లేదా ఆ చెక్క వదిలేయాలి.

వానాకాలంలో బూజు ఇంకో శత్రువు. ఆగస్టు, సెప్టెంబరు తేమకు దుంగ చివర్లలో నల్లటి, ఆకుపచ్చటి బూజు పడుతుంది. మామిడిలో ఆ నల్లగీతలు అందంగా కనబడతాయని కొందరు కావాలనే మురగబెడతారు. బూజు విత్తులు పీల్చినందువల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపు కర్ర అలర్జీ కంటే మొండిది. దుంగ చివర్లకు మైనం పూసి, నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల ఎత్తున, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చితే చాలావరకు ఆగుతుంది. అప్పటికే పట్టేస్తే ఆ కర్రను బయట, తడిపి, మాస్కుతో కోయాలి.

ఏ కర్ర అన్నది తేల్చుకున్నాక, నుసిని తగ్గించే మొదటి చోటు ఉలి అంచు. పదునైన గోరుఉలి కర్రను కోస్తుంది, మొద్దుబారినది గీకుతుంది. కోస్తే పొట్టు, గీకితే నుసి. ఉలి కింద పడేది చూస్తే చాలు: పొడవైన చుట్టల బదులు పొడి రాలడం మొదలైందంటే లేతు ఆపి సాన పట్టాలి. చివరి కోతకు ముందు తప్పకుండా సాన పట్టి, చాలా పలచగా ఒక్కసారి తీసుకుపోతే కాగితం 180 నుంచి మొదలుపెట్టుకోవచ్చు. 80తోనో 120తోనో మొదలుపెట్టాల్సి వచ్చిందంటే ఉలితో చేయాల్సిన పని కాగితంతో చేస్తున్నట్టే. షెడ్డులో సగం నుసి అక్కడే పుడుతుంది.

రెండోది తడి రుద్దుడు. నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇదే, కాబట్టి వివరంగా రాస్తాను. మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అనే నూనె సీసా దొరుకుతుంది. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 240, 320, 400 నంబర్లు తీసుకోవాలి. కాగితాన్ని మూడు మడతలు పెడితే వేళ్ళకు వేడి తగలదు. 8 అంగుళాల గిన్నెకు టీ చెంచాడు పారఫిన్ చాలు, లేతు ఆపి వేలితో అంతటా పులమాలి. వేగం నిమిషానికి 500 తిప్పులకు మించనివ్వను, ఎక్కువైతే నూనె చిమ్మి మొహం మీదే పడుతుంది. కాగితం కింది భాగాన, మనవైపుకు ఆనించి తేలికగా పట్టుకోవాలి. అర నిమిషంలో నూనె, నుసి కలిసి మట్టి రంగు ముద్దగా తయారవుతుంది. ఆ ముద్దే కావాల్సింది: గాలిలోకి లేవాల్సిన నుసి అందులో ఇరుక్కుపోయింది. కాగితం కింద జారుడు తగ్గి గరగర వినబడితే ఇంకో నాలుగు చుక్కలు వేయాలి. నంబరు మారేటప్పుడు లేతు ఆపి టిష్యూ కాగితంతో ముద్ద మొత్తం తుడవాలి, లేకపోతే 240 ఊడదీసిన గరుకు రేణువులు 320 కింద పడి గీతలు పెడతాయి. గుడ్డతో తుడవకండి, ముఖ్యంగా లేతు తిరుగుతుండగా. గుడ్డ చుట్టుకుంటే వేలిని కూడా లాగేస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. పారఫిన్ ఆరే నూనె కాదు, దాని మీద లక్క, పాలిష్, వార్నిష్ నిలవవు. గిన్నెలు, చెంచాలు, పప్పుగుత్తులు, అప్పడాల కర్రల్లాంటి వంటింటి సామానుకు అచ్చంగా సరిపోతుంది. మంచం కోళ్ళకు, ఉయ్యాల స్తంభాలకు పాలిష్ కావాలి కాబట్టి అవి పొడిగానే రుద్దాలి. తెల్లకర్రలో గంగరావి లాంటి నల్ల ముక్క అతికి ఉంటే, నల్ల ముద్ద తెల్ల రంధ్రాల్లో దూరి మరక పడుతుంది. పచ్చికర్ర తిప్పితే నుసి లేవదు, నిజమే, కానీ చెట్టు రసం చేతుల మీద పడుతుంది. ముక్కుకు తప్పింది చర్మానికి తగులుతుంది.

పొడిగా రుద్దక తప్పనప్పుడు గాలి కదలిక చూసుకోవాలి. సాయంత్రం పైరగాలి వస్తోంది కదా అని వీపు గాలికి పెట్టి నిలబడితే చాలనుకుంటారు. వీపు వెనక నుంచి గాలి తగిలితే మన ఒంటికి ముందు సుడి పుడుతుంది, ఆ సుడి నుసిని ఛాతీ మీదుగా మూతి దగ్గరికి లేపుతుంది. గాలి పక్క నుంచి పోవాలి. మా లేతును గోడకు సమాంతరంగా కాక, దక్షిణపు కిటికీ నా ఎడమ చేతికి, ఎగ్జాస్టు ఫ్యాను కుడి చేతికి వచ్చేలా తిప్పి బిగించాను. సీలింగు ఫ్యాను రుద్దేటప్పుడు కట్టేయాలి, నేల మీద పడ్డదాన్ని మళ్ళీ లేపేది అదే. మే నెలలో ఫ్యాను లేకుండా ఉక్కపోతకు నిలబడలేం కనుక, కాగితం పనంతా తెల్లారుజామున పెట్టుకుని ఉలి పని పగటికి ఉంచుకుంటాను.

తర్వాత పీల్చే యంత్రం. ఒక హార్సుపవరు, 4 అంగుళాల గొట్టం, గుడ్డ సంచీ ఉన్నదే ఎక్కువమంది కొంటారు. పొట్టును బాగానే లాగుతుంది. అయితే మామూలు గుడ్డ సంచీ ముతక రేణువుల్నే ఆపి, సన్నటి నుసిని తిరిగి షెడ్డులోకే ఊదుతుంది. ఆ యంత్రాన్ని షెడ్డు లోపల పెట్టడమంటే నుసిని జల్లెడపట్టి, చెడ్డదాన్ని మాత్రం మనకు వదలడమే. చలిదేశాల్లో లోపలి వేడి పోతుందని యంత్రం లోపలే పెట్టుకుంటారు, మనకా బెంగ లేదు. యంత్రాన్ని వెనక చావిడిలో బయట పెట్టి, సంచీ మీద వాన పడకుండా రేకు కప్పు వేశాను. పక్కింటి వాళ్ళు బట్టలారేసే వైపు కాకుండా చూసుకోవాలి. తేమ రోజుల్లో డ్రమ్ములో పొట్టు ఒక్క రాత్రికే ఆవిరి పట్టి బూజెక్కుతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజు ఖాళీ చేయాలి.

గొట్టం విషయంలో చేపల చెరువులకు వాడే 110 మిల్లీమీటర్ల పీవీసీ చక్కగా సరిపోతుంది. మడతల గొట్టం చివర మూడడుగులకు మించితే లాగుడు పడిపోతుంది. 90 డిగ్రీల మూల బదులు 45 డిగ్రీలవి రెండు వేయాలి. గొట్టం లోపల నుసి ఒరుసుకుని స్థిర విద్యుత్తు పుట్టి చేతికి చురుక్కుమంటుంది, గొట్టం వెంబడి సన్నటి రాగి తీగ చుట్టి ఎర్తు చేస్తే పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం గొట్టం మూతి ఎంత దూరంలో ఉందన్నది. గొట్టం మూతి దగ్గర ఉన్న గాలి వేగం, ఆ గొట్టం వ్యాసమంత దూరం వచ్చేసరికి పదో వంతుకు పడిపోతుంది. 4 అంగుళాల గొట్టానికి 4 అంగుళాల దూరం! అడుగు దూరంలో పెట్టిన పెద్ద గరాటు చూడ్డానికే బాగుంటుంది. మూతిని కర్రకు రెండు మూడంగుళాల్లో, వెనక వైపు, కాస్త కిందుగా ఉంచాలి. లేతు మనవైపు పై నుంచి కిందికి తిరుగుతుంది, కాగితం కింద నుంచి నుసి వెనక్కే విసురుతుంది, అక్కడ మూతి కాచుకుని ఉండాలి. గొట్టం మూతి చుట్టూ నాలుగంగుళాల వెడల్పు ప్లైవుడ్ ముక్క గుండ్రంగా కోసి బిగిస్తే, వెనక నుంచి అనవసరంగా వచ్చే గాలి ఆగి ముందు నుంచి లాగుడు పెరుగుతుంది. ఎటైనా తిప్పుకునేలా దాన్ని ఒక స్టాండుకు అమర్చుకుంటే, ప్రతి వస్తువుకూ మార్చుకోవడానికి బద్ధకం ఉండదు.

ఇదంతా పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి టార్చి చాలు. చీకటి పడ్డాక షెడ్డు లైట్లు ఆర్పి, గట్టి వెలుతురున్న టార్చిని లేతుకు అవతల, గిన్నె ఎత్తులో, మనవైపు తిప్పి పెట్టాలి. కంట్లో నేరుగా పడకుండా టార్చి ముందు చిన్న అట్టముక్క అడ్డం పెట్టుకోవాలి. మాస్కు వేసుకునే కాగితం ఆనించండి. మామూలు లైటులో శుభ్రంగా కనిపించిన గాలిలో పొగ లాంటి తెర కదులుతూ కనబడుతుంది. మూతిని ఒక అంగుళం ఇటు జరిపితే ఆ తెర మొత్తం గొట్టంలోకి వంగుతుంది, ఇంకో అంగుళం అటు జరిపితే మీ గడ్డం కిందికి వస్తుంది. ఎక్కడ పెట్టాలో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. రుద్దడం ఆపాక కూడా టార్చి అలాగే ఉంచి చూడండి, ఆ తెర ఎంతసేపు వేలాడుతుందో. మాస్కు తీయడానికి ఎందుకు ఆగాలో అర్థమవుతుంది. రుద్దడం అయ్యాక అరగంట ఫ్యాను, మాస్కు రెండూ ఉంచుతాను. చాలామంది లేతు ఆగగానే మాస్కు గడ్డం కిందికి లాగి పనితనం చూసుకుంటారు, అదే చెడ్డ సమయం.

మాస్కుల్లో గుడ్డవి, ఆసుపత్రి నీలివి నుసికి పనికిరావు, పక్కల నుంచి గాలి దూరుతుంది. సన్నటి రేణువుల్ని ఆపే ఎన్95 రకం గానీ, ఐఎస్ 9473 (మన దేశపు ప్రమాణం) గుర్తున్న ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం గానీ కావాలి. చెవులకు తగిలించేది కాకుండా తల వెనక రెండు పట్టీలది తీసుకోండి, చెవి పట్టీలతో అంచు బిగువు రాదు. వేసుకున్నాక రెండు చేతులతో కప్పి గట్టిగా ఊదితే ముక్కు పక్కల నుంచి కళ్ళకు గాలి తగలకూడదు. గడ్డం ఉన్నా, గీసుకుని రెండు రోజులైన వెంట్రుకలున్నా అంచు ఆనదు. మన ఉక్కకు ఇంకో సమస్య ఉంది: చెమటకు తడిసి ఊపిరాడక వదులు చేసుకుంటాం. తడిసిన వెంటనే మార్చాలి, ముందు వాల్వు ఉన్నది కాస్త నయం. రోజూ పని చేసేవాళ్ళకు పీ100 బిళ్ళలు (నుసిని వడకట్టే ఫిల్టర్లు) బిగించే, ముక్కూ నోరూ కప్పే రబ్బరు సగం మాస్కు మేలు. రబ్బరు భాగం సబ్బు నీళ్ళతో కడుక్కోవచ్చు, బిళ్ళలు మాత్రం కడగకూడదు. థిన్నరు వాసనకు వేరే కార్ట్రిడ్జి కావాలి, నుసి బిళ్ళ ఆవిరిని ఆపదు. గడ్డం ఉన్నవాళ్ళకు, అప్పటికే అలర్జీ పట్టినవాళ్ళకు బ్యాటరీ ఫ్యానుతో శుభ్రమైన గాలి మొహం మీదికి వదిలే హెల్మెట్టే సరైన దారి. ఖరీదైనదే, కానీ మొహానికి అద్దం కూడా దానిలోనే వస్తుంది, ఎండాకాలంలో గాలి తగులుతూ హాయిగా ఉంటుంది.

ఒంటి మీద నుసి చెమటతో కలిసి పేస్టులా తయారై మెడ, మణికట్లు, మోచేతి మడత, నడుం పట్టీ దగ్గర పేరుకుంటుంది. దద్దుర్లు మొదట లేచేది అక్కడే. పొడవు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర బిగుతుగా గుండీలు పెట్టి వేసుకోవాలి. లేతు దగ్గర చేతి తొడుగులు వద్దు, భుజం మీద తువ్వాలు అసలే వద్దు, లుంగీ వద్దు, చేతికి కట్టిన తాళ్ళు విప్పేయాలి. కొబ్బరినూనె రాసుకుంటే నుసి అంటుకోదని కొందరంటారు, నూనె మీద ఇంకా ఎక్కువ అంటుకుంటుంది. పని కాగానే గుడ్డతో తుడుచుకోకుండా ముందు నీళ్ళు పోసుకుని, తర్వాత సబ్బు రాయాలి, తుడిస్తే నుసి చర్మంలోకి రుద్దినట్టవుతుంది. పని బట్టలు ఇంట్లోవాళ్ళ బట్టలతో కలపకూడదు. ముక్కు కడుక్కోవాలనుకుంటే మరిగించి చల్లార్చిన నీళ్ళు ఒక గ్లాసుకు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లకు, పావు టీ చెంచా ఉప్పు కలిపి వాడాలి. కాలవ నీళ్ళు, పంపు నీళ్ళు నేరుగా ముక్కులోకి ఎప్పుడూ వద్దు.

షెడ్డు శుభ్రానికి కంప్రెసరు గాలి కొట్టడం, పొడి చీపురు వేయడం రెండూ మానేశాను. తడి మాపు, తడిపిన పొట్టు చల్లి ఊడవడం చాలు.

ఇన్ని చేసినా రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేసినట్టు ఉండడం కనిపిస్తే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అలర్జీ బిళ్ళ వేసుకుంటే తుమ్ములు తగ్గుతాయి, ఉబ్బసం లోపల నడుస్తూనే ఉంటుంది. వెళ్ళేముందు పీక్ ఫ్లో మీటరు (ఊపిరి ఎంత వేగంగా ఊదగలమో కొలిచే పరికరం) ఒకటి కొని రోజుకు నాలుగుసార్లు ఊది అంకెలు రాయండి, నాలుగు వారాల పాటు, మధ్యలో లేతు ముట్టని రోజులు కూడా ఉండేలా. ఆయాసం ముదిరితే మాత్రం ఈ లెక్కల కోసం ఆగకూడదు. పని రోజుల అంకె సెలవు రోజుల కంటే పడిపోతుంటే, ఒకే రోజులో ఎక్కువ తక్కువల మధ్య 20 శాతం తేడా వస్తుంటే, ఆ కాగితం డాక్టరుకు ఏ మాటకన్నా ఎక్కువ చెబుతుంది. చర్మానికైతే ప్యాచ్ పరీక్ష (అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూడడం) చర్మ వైద్యులే చేయాలి. ఇంట్లో నుసి చేతికి అంటించి కట్టుకట్టి చూడకండి, లేని అలర్జీ అలాగే పడుతుంది. ఒక్కో కర్ర పొట్టు విడివిడిగా చిన్న పొట్లాల్లో కట్టి, పేర్లు రాసి తీసుకెళ్ళండి. వాటితో పాటు వాడుతున్న జిగుర్లు, పాలిష్‌ల పేర్లూ రాయాలి, ఎందుకంటే పగుళ్ళలో పోసే సూపర్ గ్లూ ఆవిరికి ఆయాసం, ఎపాక్సీకి దద్దుర్లు వచ్చేవాళ్ళున్నారు, అలాంటప్పుడు కర్ర మార్చినా తగ్గదు.